చివరి టర్న్ దాకా ఆడించే చారిత్రక స్ట్రాటజీ గేమ్ ఏది?

చారిత్రక స్ట్రాటజీ గేమ్‌లను మొదలుపెట్టేవారితో పోలిస్తే ముగించేవారు చాలా తక్కువ. తొలి యాభై టర్న్‌లలో, అంటే మన వంతులలో, నగరం నది ఒడ్డున కట్టాలా కొండ పక్కన కట్టాలా, పొరుగు రాజ్యంతో సంధి చేసుకోవాలా సైన్యం పెంచాలా, ముందు గుర్రపు స్వారీ నేర్వాలా రాత నేర్వాలా అని ప్రతి నిర్ణయం దగ్గరా ఆగి ఆలోచిస్తాము. ఆట సగానికి వచ్చేసరికి మన రాజ్యం అందరికంటే పెద్దదైపోతుంది, గెలుపు మనదేనని తెలిసిపోతుంది, అయినా ఇంకా రెండు వందల టర్న్‌లు ఆడవలసి ఉంటుంది. ఎక్కువమంది సేవ్ చేసి బయటికి వచ్చేది అక్కడే. ఆ సేవ్‌ను మళ్లీ తెరవకుండా కొత్త ఆట మొదలుపెడతారు. సివిలైజేషన్ సిరీస్‌ను తయారుచేసే ఫిరాక్సిస్ సంస్థ కూడా తమ ఆటలను చివరిదాకా ఆడనివారు చాలామంది ఉన్నారని బహిరంగంగానే చెప్పింది. 2025 ఫిబ్రవరిలో వచ్చిన సివిలైజేషన్ 7ను మూడు యుగాలుగా విడగొట్టడానికి అదొక ముఖ్య కారణం.

కాబట్టి కొత్త గేమ్ ఎంచుకునేటప్పుడు అందులో ఎన్ని దేశాలున్నాయి, మ్యాప్ ఎంత పెద్దది, బొమ్మలు ఎంత బాగున్నాయి అన్నవాటికంటే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం మంచిది: గెలుపోటములు తేలిపోయిన తరువాత ఈ ఆట నా చేత ఇంకా ఎంతసేపు ఆడిస్తుంది? ఆ మిగులు కాలం తక్కువగా ఉన్న ఆటను చివరిదాకా ఆడతాము. అది ఎక్కువగా ఉన్న ఆట తొలి గంటలు ఎంత గొప్పగా గడిచినా సగంలోనే ఆగిపోతుంది. ఈ పోలిక అంతా ఆ కొలమానం మీదే నడుస్తుంది.

ఆసక్తి సడలడానికి రెండు వేర్వేరు కారణాలున్నాయి, వాటిని ఒకటిగా కలిపి చూస్తే ఎంపిక తప్పుతుంది. మొదటిది ఆడేవాళ్లు స్నోబాల్ అని పిలిచే పరిస్థితి. నగరాలు ఎక్కువైతే ఉత్పత్తి పెరుగుతుంది, ఉత్పత్తి పెరిగితే సైన్యం పెరుగుతుంది, సైన్యం పెరిగితే ఇంకొన్ని నగరాలు చేతికొస్తాయి. ముందున్నవాడిని వెనక్కి లాగేది ఏదీ ఉండదు. రెండోది పని భారం. సివిలైజేషన్ 6లో పారిశ్రామిక యుగం దాటిన తరువాత ఒక టర్న్‌ను గమనించండి. పదిహేను నగరాలుంటే వాటిలో రెండు మూడు తమ నిర్మాణం పూర్తిచేసి తరువాత ఏం కట్టాలని అడుగుతాయి. మార్గం ముగిసిన ట్రేడర్ కొత్త గమ్యం అడుగుతాడు. ఇంకా రెండు పనులు చేయగలిగే బిల్డర్ ఒక మూల నిలబడి ఆజ్ఞ కోసం చూస్తుంటాడు. గూఢచారి పని ముగించుకుని తరువాత ఎక్కడికని అడుగుతాడు. ఎక్కడో ఖండం అవతలి నాయకుడు తెరమీదికి వచ్చి మన నౌకాదళం చిన్నదని దెప్పి వెళ్తాడు. ఇవన్నీ తేలిస్తేనే తరువాతి టర్న్‌కు వెళ్లే బటన్ వస్తుంది. ఇన్ని పనుల్లో ఆట ఫలితాన్ని మార్చగలిగింది బహుశా ఒక్కటి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఓడిపోతామన్న భయం లేకపోవడం కొందరిని విసిగిస్తే, ఈ పని మరికొందరిని విసిగిస్తుంది. మిమ్మల్ని ఏది విసిగిస్తుందో ముందు తేల్చుకోండి.

యుగాలుగా విడగొట్టిన ఆటలు

2016 అక్టోబరులో వచ్చిన సివిలైజేషన్ 6 స్టాండర్డ్ వేగంలో 500 టర్న్‌ల ఆట. మూల ఆటలో క్రీస్తుపూర్వం 4000 నుంచి అంతరిక్ష యుగం దాకా ఒకే ధార. 2018లో వచ్చిన రైజ్ అండ్ ఫాల్ ఎక్స్‌పాన్షన్ (మూల ఆటకు విడిగా చేర్చుకునే భాగం) ఆ ధారకు ఎత్తుపల్లాలు తెచ్చింది. ఒక యుగంలో చేసిన ఘనకార్యాలకు వచ్చిన పాయింట్లను బట్టి తరువాతి యుగం స్వర్ణయుగమో చీకటి యుగమో అవుతుంది; చీకటి యుగం నుంచి పుంజుకుని మళ్లీ పైకి లేచినవారికి వీరయుగం దక్కుతుంది, అది మామూలు స్వర్ణయుగం కంటే లాభం. 2019 నాటి గేదరింగ్ స్టార్మ్ ఇంకొంచెం ముందుకు వెళ్లి, మనం కాల్చిన బొగ్గుకూ నూనెకూ ఫలితంగా సముద్రమట్టం పెరిగి తీరంలోని పల్లపు భూములు మునిగిపోయే ఏర్పాటు చేసింది. ఈ రెండూ ఉంటే సివిలైజేషన్ 6 రెండో సగం నిజంగా మెరుగవుతుంది, కనుక మూల ఆట ఒక్కటే కొని ఆడి విసుగొచ్చిందన్నవారు దీన్ని కొట్టిపారేసే ముందు ఈ రెండింటినీ చేర్చి చూడాలి. అయితే మిగులు కాలం తగ్గలేదు. గేదరింగ్ స్టార్మ్‌లో సైన్స్ విజయం కోరుకునేవారు ఉపగ్రహం, చంద్రయానం, అంగారక స్థావరం అన్నీ పూర్తిచేసి, చివరి నౌకను పంపిన తరువాత కూడా అది 50 కాంతి సంవత్సరాల దూరం ప్రయాణించే దాకా కాచుకోవాలి. లేజర్ స్టేషన్లతో దాని వేగం పెంచవచ్చు గాని, వెంటపడే పోటీదారు లేనప్పుడు ఆ టర్న్‌లన్నీ ఎదురుచూపుతోనే గడుస్తాయి.

సివిలైజేషన్ 7 ఈ సమస్యకు నేరుగా కత్తెర వేసింది. విడుదలైన నాటి పద్ధతిలో ప్రాచీన యుగం, అన్వేషణ యుగం, ఆధునిక యుగం అని మూడు భాగాలు; తొలి రెండు యుగాల్లో ఒక్కోటి ముగిసేటప్పుడు అందరికీ కలిపి ఒక సంక్షోభం, ఆ తరువాత కొత్త నాగరికతను ఎంచుకుని, అదే నాయకుడితో మళ్లీ కొంత సమానమైన స్థితి నుంచి మొదలు. అన్వేషణ యుగంలో సముద్రం అవతల కొత్త ఖండాలు తెరుచుకుంటాయి, కాబట్టి మ్యాప్ కూడా రెండోసారి కొత్తదవుతుంది. స్నోబాల్ వల్ల విసుగెత్తేవారికి ఇది మంచి మందు. తాము నూరు టర్న్‌ల పాటు కట్టుకున్నదాన్ని తెర దించి తిరిగి పంచినట్టు ఉందని, రోమ్‌తో మొదలుపెట్టి రోమ్‌గానే చంద్రుడి దాకా వెళ్లాలనుకున్న తమ కోరిక తీరలేదని బాధపడినవారూ చాలామంది ఉన్నారు, వారి బాధలో న్యాయముంది. ఎందుకంటే సుదీర్ఘమైన ఆటలో కొనసాగింపు అనేది కూడా ఒక ఆకర్షణే. విసుగును కోసేటప్పుడు దాన్ని కూడా కోయకుండా ఉండటం కష్టం. నా అంచనాలో వారానికి రెండు మూడు సాయంత్రాలు మాత్రమే ఆడగలిగేవారికి సివిలైజేషన్ 7 సరిపోతుంది, ఒక్కో యుగాన్ని ఒక చిన్న ఆటగా భావించి ఆడవచ్చు, రెండో యుగం నుంచో మూడో యుగం నుంచో మొదలుపెట్టే వీలు కూడా ఉంది. ఒకే సామ్రాజ్యాన్ని నెలరోజులు పెంచుకునే తృప్తి కోరేవారు 6వ భాగంతోనే ఉండటం మేలు.

ఇదే ఆలోచనను 2021 ఆగస్టులోనే ఆంప్లిట్యూడ్ స్టూడియోస్ వారి హ్యూమన్‌కైండ్ మరో రకంగా ప్రయత్నించింది. నవశిలాయుగపు సంచార గుంపుగా మొదలై, ఆ పైన ఆరు యుగాల్లో ఒక్కో యుగానికి ఒక్కో సంస్కృతిని స్వీకరిస్తూ పోతాము, గెలుపును నిర్ణయించేది ఫేమ్ అనే ఒక్క లెక్క. ఒకసారి సంపాదించిన ఫేమ్ పోదు. లక్ష్యాలు సాధిస్తే నక్షత్రాలు వస్తాయి; తరువాతి యుగానికి వెళ్లడానికి అవి చాలినన్ని వచ్చాక వెంటనే వెళ్లిపోవాలా, లేక ఇదే యుగంలో ఆగి ఇంకొన్ని నక్షత్రాలు ఏరుకోవాలా అన్న సందిగ్ధం ఈ ఆటలోని అసలైన అందం, అది చివరి యుగం దాకా బతికే ఉంటుంది. కాని పొరుగువాడు నిన్న బాబిలోన్, ఈరోజు మరొకటి, రేపు ఇంకొకటి అయ్యేసరికి శత్రువు ఎవరో, మనకు వాడితో ఉన్న పాత పగ ఏమిటో గుర్తుండదు. మ్యాప్ మీద రంగులే మిగులుతాయి. పగలూ పొత్తులూ గుర్తుపెట్టుకుని ఆడే స్వభావం ఉన్నవారికి హ్యూమన్‌కైండ్ నప్పదు.

2024 సెప్టెంబరులో వచ్చిన ఆరా: హిస్టరీ అన్‌టోల్డ్ ఆటను అంకాలుగా విభజించి, ఒక్కో అంకం ముగింపులో ప్రతిష్ఠ తక్కువగా ఉన్న దేశాలను ఆట నుంచే తొలగిస్తుంది. వెనకబడినవారికి భయం పుట్టించడానికి ఇది పనికొస్తుంది. ముందున్నవారిని మాత్రం కదిలించదు.

మనుషుల చుట్టూ తిరిగే ఆటలు

చివరిదాకా ఆడించే విషయంలో ఈ రెండు ఆటలకు నేను పెద్దపీట వేస్తాను: ఓల్డ్ వరల్డ్, క్రూసేడర్ కింగ్స్ 3. రెండింటిలోనూ మనం ఆడేది ఒక రాజు స్థానంలో, ఆ రాజు చనిపోతాడు. అందుకే ఆట మధ్యలో కూడా తొలి గంటల్లోని అనిశ్చితి మళ్లీ మళ్లీ వస్తుంది.

ఓల్డ్ వరల్డ్‌ను తయారుచేసింది సివిలైజేషన్ 4కు ముఖ్య రూపకర్తగా పనిచేసిన సోరెన్ జాన్సన్ నడిపే మొహాక్ గేమ్స్. 2021లో మొదట వచ్చింది, 2022లో కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ మీదికి చేరింది. ఇది మొత్తం మానవ చరిత్రను చుట్టబెట్టాలని చూడదు. రోమ్, గ్రీస్, ఈజిప్ట్, పర్షియా, కార్తేజ్, బాబిలోన్, అస్సీరియా ఉన్న ప్రాచీన ప్రపంచం దగ్గరే ఆగుతుంది, ఒక్కో టర్న్ ఒక సంవత్సరం, మామూలుగా 200 టర్న్‌లలో ముగుస్తుంది. పని భారాన్ని ఇది తగ్గించిన తీరు మెచ్చుకోదగ్గది. సివిలైజేషన్‌లో మ్యాప్ మీదున్న ప్రతి యూనిట్‌ను ప్రతి టర్న్‌లోనూ కదపవచ్చు, అందుకే కదపాల్సి వస్తుంది. ఓల్డ్ వరల్డ్‌లో రాజ్యానికంతటికీ కలిపి ఒక టర్న్‌కు ఇన్ని ఆజ్ఞలని ఉంటాయి, సైనికుడు కదిలినా పనివాడు గని తవ్వినా అందులోంచి ఖర్చవుతుంది. రాజ్యం పెద్దదయ్యే కొద్దీ పని పెరగడానికి బదులు ఎంపిక కఠినమవుతుంది. పశ్చిమ సరిహద్దులో ముట్టడి కొనసాగించడానికి ఆజ్ఞలు వాడితే తూర్పున ఆలయం కట్టే పనివాళ్లు ఈ ఏడు ఖాళీగా ఉండాల్సిందే.

ముగింపు విషయంలో కూడా ఈ ఆటకు ముందుచూపు ఉంది. రాజులు ఒక్కొక్కరుగా ముందుంచే లక్ష్యాల్లో పదింటిని నెరవేరిస్తే గెలుపు. పాయింట్ల లెక్కలో కావలసినదానిలో సగం చేరుకుని, రెండో స్థానంలో ఉన్న దేశానికి రెట్టింపు ఉన్నా గెలుపు. ఈ రెండో నియమం చిన్నదిగా కనిపిస్తుంది గాని ఈ వ్యాసమంతా మాట్లాడుతున్న సమస్యకు దొరికిన అతి సూటి పరిష్కారం అదే: ఫలితం తేలిపోయిందని ఆట తానే గుర్తించి, తానే ముగించేస్తుంది. మిగులు కాలం దాదాపు ఉండదు. మొదటిసారి ఒక చారిత్రక స్ట్రాటజీ గేమ్‌ను చివరిదాకా ఆడాలనుకునే స్నేహితులు ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది ఓల్డ్ వరల్డ్ పేరే. మధ్యయుగం, తుపాకులు, రైళ్లు ఏవీ ఉండవన్నది దీని లోటు. ఆ విస్తృతి కావాలంటే ఇది చాలదు.

2020 సెప్టెంబరు 1న పారడాక్స్ విడుదల చేసిన క్రూసేడర్ కింగ్స్ 3లో గెలుపు అనేదే లేదు, 1453లో కాలం ముగుస్తుంది, అంతే. మరి ఏది ఆడిస్తుంది? వారసత్వం. ముగ్గురు కొడుకులున్న ఒక రాజును ఊహించండి. ముప్పై ఏళ్ల పాటు యుద్ధాలు చేసి, పెళ్లి సంబంధాలతో కొన్ని, దొంగ హక్కులతో కొన్ని ప్రాంతాలు కలుపుకుని రెండు రాజ్యాలకు సరిపడా నేల సంపాదించాడు. ఆట తొలి కాలంలో అమలులో ఉండే విభజన వారసత్వం ప్రకారం, అతను రెండో కిరీటాన్ని తాను పెట్టుకోకపోయినా, దానికి సరిపడా భూమి ఉన్నందున చనిపోగానే ఆ రెండో రాజ్యం పుట్టి రెండో కొడుకు చేతికి పోతుంది. మూడోవాడికి కొన్ని జిల్లాలు. పెద్ద కొడుకుగా మనం ఇప్పుడు తండ్రి రాజ్యంలో సగంతో, తమ్ముళ్లు ఎప్పుడు తిరగబడతారో తెలియని స్థితిలో, తండ్రికి భయపడి కొడుకును లెక్కచేయని సామంతుల నడుమ మొదలవుతాము. స్నోబాల్ ఒక్క మరణంతో కరిగిపోతుంది, అది ఆట పెట్టిన బలవంతపు అడ్డంకిలా అనిపించదు, ఆ కుటుంబం కథలో సహజంగా వచ్చిన మలుపులా అనిపిస్తుంది.

పైగా కొత్త రాజు స్వభావం వేరు. దయాగుణం ఉన్న రాజు ఖైదీని ఉరితీస్తే అతనికి ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడి హద్దు దాటితే తాగుడుకో మరో వ్యసనానికో లోనవుతాడు. క్రూరుడైన రాజుకు అదే పని ఊరటనిస్తుంది. తండ్రి ఆడిన పద్ధతిలో కొడుకు ఆడలేడు. ఒకే మ్యాప్ మీద, ఒకే సింహాసనం మీద, ప్రతి ముప్పై నలభై ఏళ్లకూ మన ఆట తీరు మారవలసి రావడం ఇంకే సిరీస్‌లోనూ ఇంత బలంగా కనిపించదు.

ఇందులోనూ నీరసించే చోటు ఉంది. మధ్యయుగం చివరి భాగంలో జ్యేష్ఠ వారసత్వ చట్టం అందుబాటులోకి వచ్చి, రాజ్యమంతా పెద్దబిడ్డకే దక్కడం మొదలైన తరువాత, ఆటను నిలబెట్టిన ఉద్రిక్తతే తొలగిపోతుంది. అందుకని 867లో మొదలుపెడితే 586 ఏళ్లు ఆడాలి, 1066లో మొదలుపెడితే 387 ఏళ్లే అన్న లెక్క చూసి, తొలిసారి ఆడేవారు 1066నే ఎంచుకోవడం మంచిది. 2024లో వచ్చిన రోడ్స్ టు పవర్‌తో 1178 ప్రారంభం కూడా చేరింది, రాజ్యం లేని సాహసిగా ఊళ్లు పట్టి తిరిగే వీలు కూడా చేరింది. రాజ్యం మరీ స్థిరపడి విసుగొచ్చినవారు సింహాసనం వదిలి సాహసిగా మారి చూడవచ్చు.

గెలిచేవాడికి ఎదురు తిరిగే ఆటలు

టోటల్ వార్ సిరీస్‌లో కొన్ని భాగాలు ఆట చివరికి ఒక పెద్ద పరీక్షను దాచిపెడతాయి. 2011లో వచ్చిన షోగన్ 2 వాటిలో అత్యంత కఠినం. మన వంశం కోటలు గెలుస్తున్న కొద్దీ ప్రఖ్యాతి పట్టీ నిండుతూ పోతుంది, అది నిండిన టర్న్‌లో షోగన్ మనల్ని రాజ్యశత్రువుగా ప్రకటిస్తాడు. ఆ తరువాత ప్రతి టర్న్‌లోనూ అన్ని వంశాలతో మన సంబంధాలు క్షీణిస్తాయి. నిన్నటిదాకా గుర్రాలూ ఇనుమూ అమ్మిన వర్తక భాగస్వామి ఈరోజు తెగతెంపులు చేసుకుంటాడు, ఎల్లుండి పడవల్లో సైన్యాన్ని దించుతాడు. ఖజానా ముందుగా నింపుకుని, తీరప్రాంతపు కోటల్లో కాపలా ఉంచి, ఆ పట్టీ నిండకముందే కొన్ని టర్న్‌లు ఆగి సిద్ధపడినవారు నిలబడతారు. ఎప్పుడు ఆగాలన్న ఆలోచన ఆట సగం నుంచే మనసులో ఉంటుంది కాబట్టి షోగన్ 2లో మధ్యభాగం నిస్సారంగా గడవదు. పాతికేళ్లు నమ్మకంగా ఉన్న మిత్రుడు కూడా కారణం లేకుండా ఎదురు తిరగడం అన్యాయంగా తోచేవారికి మాత్రం ఇది కోపం తెప్పిస్తుంది, వారు 2019 నాటి త్రీ కింగ్‌డమ్స్ చూడాలి. అక్కడ ఎదిగినవారు ముగ్గురు చక్రవర్తులుగా నిలిచి, మిగతా ఇద్దరి రాజధానులను గెలవడమే చివరి పోరు అవుతుంది. ప్రత్యర్థి కూడా మనలాగే ఎదిగి వచ్చినవాడు కాబట్టి ఆ పోరులో అర్థముంటుంది.

2015లో వచ్చిన అటిల్లాది పూర్తిగా తలకిందులైన పద్ధతి. 395లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యాన్ని ఎంచుకుంటే ఆట మొదటి టర్న్‌లోనే మ్యాప్‌లో అతి పెద్ద రాజ్యం మనది, అప్పటినుంచి దాన్ని పోగొట్టుకోకుండా కాపాడుకోవడమే ఆట. ఏ రాష్ట్రాన్ని వదులుకోవాలి, ఏ సైన్యాన్ని వెనక్కి పిలవాలి అని ప్రతి టర్న్‌లోనూ తేల్చుకుంటుండగా హూణులు వస్తారు, ఏటేటా చలి పెరిగి పంటలు తగ్గుతాయి. గెలుపు తేలిపోయి విసుగొచ్చిందని చెప్పేవారికి దీన్ని మించిన జవాబు లేదు. అయితే తొలి గంటల్లోనే నగరాలు తగలబడిపోవడం చూసి కుంగిపోయేవారు మరో దేశంతో మొదలుపెట్టాలి.

గెలుపును మనమే నిర్ణయించుకునే ఆటలు

2013లో వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 4లో కాలం 1444 నవంబరు 11న మొదలై 1821 జనవరి 2న ముగుస్తుంది. గెలిచావని ప్రకటించేవారు ఎవరూ ఉండరు, లక్ష్యం మనది. దీని గురించి తరచూ వినిపించే సలహా ఏమిటంటే కష్టమైన దేశాన్ని ఎంచుకుంటే విసుగు రాదని. ఈ సలహాతో నేను ఏకీభవించను. బైజాంటియమ్‌ను తీసుకోండి: కొద్దిపాటి నేలతో, పక్కనే ఆటోమాన్‌లతో మొదలవుతుంది, తొలి ముప్పై ఏళ్లు ఊపిరి బిగబట్టి ఆడతాము. ఆటోమాన్‌లను ఒకసారి పడగొట్టాక ఆ ప్రాంతంలో మనకు ఎదురు నిలిచేవాడు లేడు, ఇంకా మూడు వందల ఏళ్లు మిగిలి ఉంటాయి. మొదలు కష్టంగా ఉండటం వేరు, కష్టం నెమ్మదిగా పెరగడం వేరు. రెండోదానికి బ్రాండెన్‌బర్గ్ మంచి ఉదాహరణ. పవిత్ర రోమన్ సామ్రాజ్యం లోపల ఒక ప్రావిన్స్ గెలిస్తే చుట్టుపక్కల వారి కోపం బయటికంటే ఎక్కువగా పెరుగుతుంది, హద్దు దాటితే పది దేశాలు కలిసి కూటమి కడతాయి. కాబట్టి ఆగి ఆగి పెరగాలి, మధ్యలో ప్రష్యాగా మారాలి, అప్పటికి ఫ్రాన్స్, ఆస్ట్రియా కూడా పెరిగి ఎదురుగా నిలుస్తాయి. ఇలా చుట్టూ తనకంటే పెద్దవాళ్లున్న మధ్యస్థ దేశమే ఆసక్తిని ఎక్కువ కాలం నిలుపుతుంది.

2025 నవంబరులో వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 5 కాలాన్ని 1337 నుంచి 1837 దాకా ఐదు వందల ఏళ్లకు సాగదీసింది. పన్నులు, వర్తకం వంటి చాలా పనులను ఆటకే అప్పగించే వీలు ఇవ్వడం పని భారం గురించి దిగులుపడేవారికి మేలే. ఆ ఏర్పాటు ఉన్నా ఇది చాలా బరువైన ఆట; 4వ భాగంలో ఒక్క క్యాంపెయిన్ కూడా పూర్తిచేయనివారు దీనితో మొదలుపెట్టకూడదు.

యూరోపా యూనివర్సాలిస్‌ను కూడా తెచ్చిన పారడాక్స్ వారి విక్టోరియా 3 విషయం వేరు. 1836 నుంచి 1936 దాకా నూరేళ్లే కావడం దీని బలం. భూస్వాముల పట్టు తగ్గించి ఓటు హక్కు చట్టం తేవడం, అందుకు వాళ్లు తిరుగుబాటుకు సిద్ధపడటం వంటి రాజకీయ పెనుగులాట ఉన్నంతసేపు ఇది కట్టిపడేస్తుంది. కావలసిన చట్టాలన్నీ వచ్చేశాక మిగిలేది కర్మాగారాల వరుస పొడిగించడమే. తరువాతి అప్‌డేట్‌లలో ప్రైవేటు పెట్టుబడి తనంతట తాను నిర్మాణాలు చేపట్టడం మొదలై ఆ పని కొంత తగ్గింది. జనాభా పెరిగే కొద్దీ కంప్యూటర్ మీద భారం పడి, ఆట చివరి దశకాల్లో కాలం నత్తనడక నడుస్తుంది, కనుక పాత కంప్యూటర్ ఉన్నవారికి ఇది చివరిదాకా ఆడదగ్గది కాదు.

సెట్టింగ్స్‌తో చేయగలిగింది

ఉన్న ఆటను మార్చకుండానే మిగులు కాలాన్ని తగ్గించుకునే మార్గాలు కొన్ని ఉన్నాయి. సివిలైజేషన్ 6లో ఆన్‌లైన్ అనే వేగంలో 250 టర్న్‌లు, క్విక్‌లో 330, ఎపిక్‌లో 750, మారథాన్‌లో 1500. నెమ్మది వేగంలో యుద్ధాలు రుచిగా ఉంటాయన్నది నిజమే, ఒక్కో తరం సైనికులతో ఎక్కువసేపు పోరాడవచ్చు. కాని ఫలితం తేలాక మిగిలే టర్న్‌లు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతాయి. చిన్న మ్యాప్ మీద, క్విక్ వేగంతో ఆడి ఒక ఆట పూర్తిచేసిన తరువాతనే పెద్ద మ్యాప్‌కు వెళ్లమని నా సలహా.

కష్టస్థాయి పెంచడం అందరూ మొదట చేసే పని, దాని ప్రభావం మాత్రం అనుకున్నచోట పడదు. సివిలైజేషన్ 6లో అత్యంత కఠినమైన డెయిటీ స్థాయిలో ఏఐకి, అంటే కంప్యూటర్ ఆడించే ప్రత్యర్థులకు, ఆట మొదట్లోనే కొత్త నగరాలు స్థాపించే అదనపు సెట్లర్లు, సైనికులు ఇస్తారు, ఉత్పత్తిలోనూ పైచేయి ఇస్తారు. ఆ తొలి వంద టర్న్‌లు తట్టుకున్నవారు ఏఐని దాటిన తరువాత పరిస్థితి మళ్లీ మామూలే. విసుగు ఆట చివరి భాగంలో వస్తుంటే కష్టస్థాయి పెంచడం కంటే విజయ మార్గాలను తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది: ఉదాహరణకు సాంస్కృతిక విజయం, మత విజయం మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తే ఎంత పెద్ద సైన్యమున్నా ఆట దానంతటదే గెలవదు, ఏఐ కూడా ఆ రెండు మార్గాల్లోనే పోటీకి వస్తుంది. పారడాక్స్ ఆటల్లో ఐరన్‌మ్యాన్ పెట్టుకోవడం ఇంకో మార్గం. వెనకటి సేవ్‌కు తిరిగి వెళ్లే వీలు లేకపోవడంతో ఓడిన యుద్ధం ఓడినట్టే మిగిలి, దాని నుంచి కోలుకోవడం మరో ఇరవై ఏళ్ల ఆటవుతుంది.

నలుగురు స్నేహితులు కుదిరితే స్నోబాల్‌కు విరుగుడు వేరే అక్కర్లేదు. ముందున్నవాడి మీదికి మిగతావాళ్లు కలిసి వస్తారు. నలుగురికీ ఒకే సమయం కుదరడమే అసలు కష్టం. ఓల్డ్ వరల్డ్‌లోనూ సివిలైజేషన్ 6లోనూ ఎవరి టర్న్ వారు తీరిక దొరికినప్పుడు ఆడి క్లౌడ్‌లో పంపే సదుపాయం ఉంది.

ఇక చివరిదాకా ఆడనివ్వని మరో కారణం చాలా మామూలుది: పది రోజులు విరామం వచ్చి, తిరిగి సేవ్ తెరిస్తే ఏం చేయబోతున్నామో గుర్తుకు రాదు. ఈ ఇబ్బంది తరచూ ఎదురయ్యేవారు ఆటను ఎక్కడ ఆపాలో కూడా ఎంచుకోవాలి. యుద్ధం మధ్యలో ఆపితే తిరిగి రావడం కష్టం. సంధి కుదిరిన రోజున, కొత్త రాజు సింహాసనం ఎక్కిన రోజున, లేదా సివిలైజేషన్ 7లో యుగం మారిన వెంటనే ఆపితే, తిరిగి వచ్చినప్పుడు పాత లెక్కలు గుర్తులేకపోయినా నష్టం ఉండదు, అప్పుడు చేయవలసింది కొత్త లెక్కే. సివిలైజేషన్ 6లో మ్యాప్ మీద గుర్తులు పెట్టుకునే వీలుంది, ఎక్కడ ఏ డిస్ట్రిక్ట్ కట్టాలనుకున్నామో అక్కడే పేరు రాసి పెట్టుకోవచ్చు. క్రూసేడర్ కింగ్స్ 3లో మనకు ముఖ్యమైన మనుషులను పిన్ చేసి ఉంచితే, తిరిగి వచ్చిన రోజున ఆ నలుగురైదుగురి పేర్లు చూడగానే ఎవరితో పగ, ఎవరి కూతురిని ఎవరికి ఇవ్వాలనుకున్నాము అన్నవి తిరిగి గుర్తుకొస్తాయి.